సొరబుర్రలో మూడు పిడికిళ్ళు

అనగా అనగా ఒక రాజ్యం. పేరు పైరుకోన. ఆ రాజ్యానికో రాజు, పేరు బలభద్రుడు. ఆ రాజుకి ముగ్గురు బిడ్డలు. ఎవరైనా అడిగితే మాత్రం ఆయన ఇద్దరని చెప్పేవాడు. పెద్దవాడు విజయకేతు, రెండోవాడు ధీరకేతు. మూడో బిడ్డ రత్నాంగి ఆడపిల్ల కాబట్టి లెక్కలోకి రాలేదు.

లెక్కలోకి రాని పిల్లకి ఒక సుఖం ఉంది. ఎక్కడ తిరుగుతోందో ఎవరూ చూడరు. అన్నలు కత్తిసాము నేర్చుకుంటుంటే రత్నాంగి కోట వంటింట్లో ఎల్లవ్వ దగ్గర పెరిగింది. ఎల్లవ్వ వంటమనిషి. వయసు మీరింది, నోరు మాత్రం ఇంకా పదునుగానే ఉంది. ఏ గింజ ఏ నేలలో మొలుస్తుందో, ఏ గింజ ఎన్నేళ్ళు పురుగు పట్టకుండా నిలుస్తుందో ఆమెకి తెలిసినంత మంత్రులకి కూడా తెలియదు. మంత్రులకి తెలియదన్న సంగతి మంత్రులకీ తెలియదు.

ఆ రాజ్యంలో కొర్ర పండేది, సామ పండేది, అరిక పండేది. వాన ఎక్కువైతే ఒకటి పోయేది, రెండు మిగిలేవి. వాన తక్కువైతే రెండు పోయేవి, ఒకటి మిగిలేది. మూడూ ఒక్కసారే పోయిన ఏడాది ఎల్లవ్వ ఎరగదు, ఎల్లవ్వ అమ్మమ్మ కూడా ఎరగదు.

అలాంటి రాజ్యానికి ఒకరోజు ఒక మాంత్రికుడు వచ్చాడు. నోరు తెరిస్తే ముప్పై రెండూ బంగారు పళ్ళే. అందుకే వాడి పేరు కనకదంష్ట్రుడు. భుజం మీద ఒక సంచీ. సంచీలో బంగారు రంగు వడ్లు. రాజు ముందు నాలుగు గింజలు నేల మీద చల్లి చప్పట్లు కొట్టాడు. మొదటి చప్పట్లకి మొలక వచ్చింది. రెండో చప్పట్లకి వెన్ను వచ్చింది. మూడో చప్పట్లకి కంకి వంగింది. సభంతా నోరు తెరిచింది.

ఇంత మంచి విత్తనం ఊరికే ఇస్తాను, బదులుగా మీ ఇళ్ళలో ఉన్న ఆ నల్లగింజలూ చిన్నగింజలూ, ఆ చెత్తంతా నాకిచ్చెయ్యండి, తీసుకుపోయి సముద్రంలో పారేస్తాను అన్నాడు మాంత్రికుడు. రాజు మురిసిపోయాడు. ఊరూరా దండోరా వేయించాడు. భటులు ప్రతి ఇంటికీ వెళ్ళారు. గాదెలు ఊడ్చారు, పాతరలు తవ్వారు, అటకలు వెతికారు. రాజ్యంలో ఉన్న కొర్రా సామా అరికా బస్తాలకెత్తి మాంత్రికుడి ఓడలో పోశారు.

వాళ్ళు వెతకని చోటు ఒక్కటే ఉంది. అది వంటిల్లు. పొయ్యి దగ్గరికి వెళ్ళే అలవాటు ఆ రాజ్యంలో ఏ మగవాడికీ లేదు. కోటలో ఎల్లవ్వ పొయ్యికి నేరుగా పైన, దూలానికి ఒక ఎండిన సొరబుర్ర వేలాడుతూ ఉండేది. పొగ పట్టి కాటుకలా నల్లబడింది. అందులో బూడిద కలిపిన కొర్రలు ఒక పిడికెడు, సామలు ఒక పిడికెడు, అరికలు ఒక పిడికెడు. ఎవరి కంటా పడలేదు.

మొదటి ఏడు బంగారు వడ్లు విరగపండాయి. జనం కడుపునిండా తిన్నారు, గంట తిరక్కుండానే మళ్ళీ ఆకలన్నారు. ఆ అన్నంలో అందం ఉంది గాని సత్తువ లేదు. పిల్లలకి పొట్టలు ఉబ్బాయి, కాళ్ళు పుల్లల్లా అయ్యాయి. రెండో ఏడు పండిన గింజలే దాచి విత్తితే ఒక్కటి మొలవలేదు. అప్పుడు కనకదంష్ట్రుడు కొత్త సంచీలతో వచ్చి పళ్ళు మెరిపించాడు. ఈసారి ఊరికే కాదు. నా దీవిలో వడ్లు దంచడానికి నూరుమంది ఆడవాళ్ళు కావాలి అన్నాడు.

రాజు ఇచ్చాడు. మూడో ఏడు ఇంకో నూరుమందిని ఇచ్చాడు. నాలుగో ఏడు ఇంకో నూరుమందిని ఇచ్చాడు. మూడేళ్ళూ రాజుకి బాగానే నిద్ర పట్టింది.

అయిదో ఏడు మాంత్రికుడు రాలేదు, కబురు పంపాడు. ఈసారి సింహాసనం కావాలట. ఇవ్వకపోతే విత్తనం లేదట. అప్పుడు రాజుకి మహా కోపం వచ్చింది.

ముందు పెద్దన్న విజయకేతు బయల్దేరాడు, వెయ్యి గుర్రాలతో. తిరిగి రాలేదు. తర్వాత చిన్నన్న ధీరకేతు బయల్దేరాడు, నూరు ఓడలతో. తిరిగి రాలేదు. ఇంకో నలభై రోజుల్లో మృగశిర కార్తె, తొలకరి పడుతుంది. గాదెల్లో ఉన్న తిండి కూడా అంతవరకే. తొలకరికి విత్తనం పడకపోతే ఆపైన పైరుకోనలో పొయ్యి వెలగదు.

రత్నాంగి వెళ్ళి తండ్రి ముందు నిలబడింది.

"నాన్నగారూ, నేను వెళ్తాను."

రాజు ఆమెను చూసి, ఈ పిల్ల ఎవరా అన్నట్టు కాసేపు తల గోక్కున్నాడు. "వెయ్యి గుర్రాలతో కానిది నీ వల్ల ఏమవుతుంది?"

"గుర్రాలకి గింజ తినడం తెలుసు, విత్తనం గుర్తుపట్టడం తెలియదు. నాకు తెలుసు."

పోతే పోనీ అనుకున్నాడు రాజు. లెక్క ఎలాగూ తప్పదు కదా.

ఎల్లవ్వ దూలం మీది సొరబుర్ర దించి రత్నాంగి భుజానికి తగిలించింది. మూటలో దారి బత్తెం కట్టింది. తాటిబెల్లం ముక్క, ఎండు రేగుపళ్ళు, ఉడకబెట్టి ఎండబెట్టిన అడవిదుంపల ముక్కలు, ఇంతే దొరికాయి.

"వాడు మన గింజలు సముద్రంలో పారేశానంటాడు. నేను నమ్మను," అంది ఎల్లవ్వ. "గింజల సంగతి తెలిసినవాడు గింజలు పారెయ్యడు. ఎక్కడో దాచే ఉంటాడు. తెచ్చుకో. ఒకవేళ దొరక్కపోతే ఈ బుర్రలో ఉన్నదే మనకి మిగిలింది. మూడు పిడికిళ్ళతో ఒక చిన్న నేల చెక్క పండుతుంది, మరుసటేడు ఒక పొలం, ఆ మరుసటేడు ఒక ఊరు. ఆకలి అన్నాళ్ళు ఆగదనుకో. అయినా బిడ్డా, ఇది విత్తేది. తినేది కాదు. కళ్ళు తిరిగినా మూత తియ్యకు."

రత్నాంగి బయల్దేరింది. ఒక అడవి దాటింది. దారికి అడ్డంగా చీమలబారు, నడవలేక నడవలేక నడుస్తోంది. "అమ్మాయ్, ఈ అడవిలో ఇప్పుడు బంగారు వడ్లు తప్ప ఏమీ రాలవు. అవి మాకు సయించవు. ఆకలేస్తోంది," అంది చీమలరాణి. రత్నాంగి తాటిబెల్లం ఇచ్చింది. చీమలు తిన్నాక అడుగున మిగిలిన పొడి నాలిక్కి రాసుకుంది. చీమలరాణి తన దండుతో సహా మూట కొంగులోకి ఎక్కి కూచుంది.

ఇంకో అడవి దాటింది. ఎండిన కొమ్మ మీద ఒక ఉడత, తోక కూడా ఎత్తలేని నీరసంలో ఉంది. "అక్కా, ఆకలేస్తోంది," అంది. రత్నాంగి రేగుపళ్ళు పెట్టింది. ఉడత తిన్నాక మిగిలిన గింజలు తాను చప్పరించింది. ఉడత ఆమె భుజం ఎక్కింది.

మూడో అడవి దాటితే సముద్రం. ఒడ్డున కొండంత తాబేలు. "ఏడు సముద్రాలూ నేను దాటించగలను గాని మూడు రోజులుగా కడుపులో ఏమీ లేదు," అంది. రత్నాంగి దుంపముక్కలు పెట్టింది. తాబేలు తిన్నాక మూటలో సగం మిగిలాయి. వాటిని తర్వాత తినొచ్చులే అని దాచింది. తాబేలు వీపెక్కింది.

ఒక సముద్రం దాటారు. రెండో సముద్రం దాటారు. ప్రతి సముద్రం దగ్గరా రత్నాంగి తాబేలుకి పెట్టేది, ఉడతకి పెట్టేది, చీమలకి పెట్టేది, తనకి తర్వాత అనుకునేది. ఆ తర్వాత అన్నది రానే లేదు. మూడో సముద్రం నడిమధ్యన ఆమెకి కళ్ళు తిరిగాయి. ఆకాశం కిందికీ నీళ్ళు పైకీ అయ్యాయి. ఉడత జుట్టు పట్టుకుని లాగకపోతే నీళ్ళలో పడిపోయేదే.

తాబేలు టక్కున ఆగిపోయింది.

"నువ్వెప్పుడు తిన్నావు?"

"మీరంతా తిన్నాక తిందామని, మామా."

"అదేం రోగం?"

"రోగం కాదు. మా ఇళ్ళలో అంతే. మగవాళ్ళు తిన్నాక, పిల్లలు తిన్నాక, వచ్చినవాళ్ళు తిన్నాక, ఆడవాళ్ళు తింటారు."

"మిగలకపోతే?"

"గంజినీళ్ళు తాగుతారు."

నూరేళ్ళు బతికిన తాబేలు అది, ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు. మెడ వెనక్కి తిప్పి ఇలా అంది. "నా వీపు మీద అలాంటివి కుదరవు. నువ్వు పడిపోతే ఇంత దూరం మోసుకొచ్చిన కష్టం నాకు దండగ. దుంప తీసి నోట్లో పెట్టుకో. నువ్వు నమిలేదాకా నేను కాలు కదపను."

రత్నాంగి సొరబుర్ర వైపు కూడా చూడలేదు. దుంపముక్క తీసి నమిలింది. తాబేలు కదిలింది. ఆనాటి నుంచి నాలుగో సముద్రంలో, అయిదో సముద్రంలో, ఆరో సముద్రంలో నలుగురూ ఒకే వేళకి తిన్నారు, సమంగా పంచుకుని. తాబేలు గుడ్లప్పగించి చూస్తూ ఉండేది ఈ పిల్ల మింగిందా లేదా అని. సముద్రంలో దొరికే నాచూ ఒడ్డున దొరికే దుంపలూ కలుపుకుంటే తిండి ఏడో సముద్రం దాటాక కూడా మిగిలింది. విచిత్రమేమిటంటే, ఆమె తినకుండా ఉన్నప్పటికంటే తిన్నాకే ఎక్కువ రోజులు వచ్చింది. ఆలోచించే తల ఉన్నచోట తిండి నిలుస్తుంది మరి.

ఏడు సముద్రాల అవతల మాంత్రికుడి దీవి. ఏడంతస్తుల బంగారు మేడ, మేడ ముందు వాకిలి, వాకిట్లో మూడువందల మంది ఆడవాళ్ళు. రోకలి లేస్తోంది, పడుతోంది. లేస్తోంది, పడుతోంది. అరచేతులు బొబ్బలు కట్టి, బొబ్బలు చిట్లి ఉన్నాయి. వాకిలి మధ్యన ఒక కొత్త రోలు, కొత్త రోకలి ఉన్నాయి. రోటి మీద పోటు పడినప్పుడల్లా అది మూలుగుతోంది.

దంచుతున్న సూరమ్మ రత్నాంగిని గుర్తుపట్టింది. ఆమె కోట పక్క వీధిలో మనిషే, రెండో ఏడు పంపించేశారు. తల ఎత్తకుండా, పోటు ఆపకుండా చెప్పింది. "ఆ రోలు మీ పెద్దన్న, ఆ రోకలి మీ చిన్నన్న. వాళ్ళ దండులు దారిలోనే చెదిరిపోయాయట. రాగానే వాడు విందు పెడితే కూచుని తినేశారు. వాడి బంగారన్నం ఈ దీవిలో తింటే మనిషి మనిషిలా ఉండడు. మాకు వాడు గంజి పోస్తాడు. పని చెయ్యాలి కదా, అందుకని. నువ్వు వాడి విస్తట్లో చెయ్యి పెట్టకు తల్లీ." తర్వాత చిన్నగా నవ్వింది. "దంచేటప్పుడు మీ అన్నల్ని అప్పుడప్పుడూ గట్టిగానే దంచాను. ఏమనుకోకు."

ఇంతలో కనకదంష్ట్రుడు రానే వచ్చాడు. పళ్ళన్నీ బయటపెట్టి, రాకుమారి రావడమే మహాభాగ్యం అని లోపలికి తీసుకెళ్ళి పీట వేశాడు. విస్తరి వేశాడు. కొండలా బంగారన్నం వడ్డించాడు. రత్నాంగి చేతులు కట్టుకుని నిలబడింది.

"కూచో పిల్లా, తిను."

"ఎలా తింటానండీ? మా రాజ్యంలో ఇంటి మగవారు తినందే ఆడది విస్తరి ముందు కూచోదు. మీరు కానివ్వండి. మీరు తిన్నాక మీ ఎదురుగానే తింటాను."

కనకదంష్ట్రుడి మొహంలో రంగు మారింది. ఎంత గొప్ప ఆచారం, ఎంత వినయం అని పైకి మెచ్చుకున్నాడు. ఆడపిల్లలంటే ఇలా ఉండాలని కూడా అన్నాడు. అనేశాక ఇరుక్కుపోయాడు. ఆ అన్నం తాను తింటే ఏమవుతుందో వాడికి తెలియనిదా? "ఇవాళ నాకు ఉపవాసం," అన్నాడు. "అయితే నేనూ ఉపవాసమే," అంది రత్నాంగి.

రెండో రోజు మళ్ళీ విస్తరి వేశాడు. మీరు ముందు అంది. కడుపులో నలతగా ఉందన్నాడు. మూడో రోజు మళ్ళీ వేశాడు. మీరు ముందు అంది. ఇవాళ మౌనవ్రతం అని నోటితోనే చెప్పాడు.

మూడేళ్ళుగా రాజ్యాన్ని ఆడించినవాడు ఒక విస్తరి ముందు మూడు రోజులు గింజుకున్నాడు. ఈ పిల్లని బలవంతాన తినిపించడానికి కుదరదు. వాడి మంత్రం ఇష్టపడి తిన్నవాళ్ళకే తగులుతుంది. రత్నాంగి మాత్రం ప్రతి పూటా ఒడ్డుకి వెళ్ళి తాబేలుతో కూచుని దుంపలు తింటూనే ఉంది. తాబేలు అడిగింది, ఆ చివర్న తినే ఆచారం ఇంకా వదల్లేదా అని. "వదిలేశాను మామా. కాని వాడికి తెలియదుగా," అంది.

ఈ మూడు రోజులూ ఆమె నేస్తాలు ఊరికే కూచోలేదు. మొదటి రోజు ఉడత మాంత్రికుడి వెంట పడింది. ఉపవాసం అన్నవాడు పెరటి గదిలో తలుపేసుకుని ఏం తిన్నాడో తెలుసా? వేడి వేడి సామన్నం, మీద నెయ్యి, పక్కన పచ్చిపులుసు. రెండు ముంతలు తిన్నాడు. లోకానికి బంగారన్నం పంచేవాడు తన కడుపులోకి దాన్ని రానివ్వడు. రత్నాంగికి ఒళ్ళు మండిపోయింది, వెంటనే గుండె ఎగిరి గంతేసింది. సామలున్నాయంటే మన గింజలన్నీ ఇక్కడే ఉన్నాయి.

రెండో రోజు చీమలరాణి దండుని పంపింది. గింజ ఉన్నచోటు చీమకి తెలియకుండా ఉంటుందా? సాయంత్రం కాకముందే చీమలు బారుకట్టి వచ్చాయి. ఒక చీమ నోట్లో కొర్ర, ఒక చీమ నోట్లో సామ, ఒక చీమ నోట్లో అరిక. మేడ వెనక ఏడు పాతరలు, బండరాళ్ళు మూతలు, మూతి దాకా గింజలు. సూరమ్మ ఆ మూడు గింజలూ కళ్ళకద్దుకుంది. దంచే ఆడవాళ్ళందరికీ రోకటి పోటు మధ్యలో కబురు పాకింది. ఆ సాయంత్రం వాకిట్లో మొదటిసారి ఎవరో కూనిరాగం తీశారు.

మరి మాంత్రికుణ్ణి దాటి గింజలు తీసుకుపోవడం ఎలా? మూడో రోజు సూరమ్మ ఇంకో సంగతి చెప్పింది. "ఏడో అంతస్తులో ఒక చిలక ఉంది. అది తుమ్మితే కింద వాడు తుమ్ముతాడు. అది దగ్గితే వాడు దగ్గుతాడు. మూడేళ్ళుగా చూస్తున్నాను. వాడి ప్రాణం దాన్లోనే ఉంది."

రత్నాంగి మేడ ఎక్కింది. ఒక అంతస్తు, రెండో అంతస్తు, మూడో అంతస్తు. ఎక్కుతున్నకొద్దీ కాళ్ళు తేలికవుతున్నాయి. ఏడో అంతస్తులో బంగారు పంజరం. పంజరంలో చిలక. ఈకలు రాలి చర్మం కనిపిస్తోంది. ముందు గిన్నెలో బంగారు వడ్లు నిండుగా ఉన్నాయి. చిలక వాటి వైపు చూడటం కూడా లేదు.

"మెడ విరుస్తావా?" అంది చిలక. "విరిచెయ్. ఇక్కడిదాకా వచ్చేవాళ్ళందరూ నా మెడ విరవాలనే వస్తారు. ఇద్దరు ముగ్గురు మెట్ల దాకా వచ్చారు. ఒక్కరూ నన్ను ఏమీ అడగలేదు."

రత్నాంగి కడ్డీల దగ్గర కూచుంది. "కడుపునిండా తిని ఎన్నాళ్ళయింది?"

చిలక మెడ తిప్పి ఆమెను చూసింది. "పుట్టినప్పుడు మా అమ్మ కొర్రకంకి తెచ్చింది. అదే."

రత్నాంగి చెయ్యి సొరబుర్ర మీద ఆగింది. ఎల్లవ్వ మాట చెవిలో ఉంది. ఇది విత్తేది, తినేది కాదు. నిజానికి ఏమీ చెయ్యనక్కర్లేదు. కదలకుండా కూచుంటే చాలు. ఈ చిలక ఇంకో రెండు రోజులు బతకదు, దాంతో వాడూ పోతాడు. కాని ఆకలితో పోయేవాళ్ళు ఎలా ఉంటారో ఆమె చూసింది. పైరుకోనలో పుల్లల్లాంటి కాళ్ళని చూసింది. ఇంకొకళ్ళని అలా చూస్తూ కూచోవడం తన వల్ల కాదు, వాళ్ళు పోవడం తనకి ఎంత లాభమైనా సరే.

మూత తీసింది. కొర్రలు అరచేతిలో పోసుకుని కడ్డీల మధ్య నుంచి చాపింది.

చిలక తినడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గింజా ఒలిచి, పొట్టు పక్కకి ఊది, తీరిగ్గా తింది. పిడికెడూ అయిపోయేసరికి దాని కళ్ళకి మెరుపొచ్చింది. ఉన్నట్టుండి మెడ సాచింది. ఒకసారి ఎక్కిళ్ళు, రెండోసారి ఎక్కిళ్ళు, మూడోసారికి గొంతులోంచి ఏదో ఊడిపడింది. చిన్న బంగారు గింజ. కంటికి వెలుగు చిమ్ముతోంది. మంచి తిండి లోపలికి వెళ్ళాక చెడ్డగింజకి చోటు లేకపోయింది. అందుకే వాడు దానికి ఇన్నాళ్ళూ మంచి గింజ ఒక్కటీ పెట్టలేదు.

కింద కనకదంష్ట్రుడు కెవ్వుమన్నాడు. ఏడంతస్తులూ ఏడు గంతుల్లో ఎక్కాడు. అప్పటికే ఉడత పంజరం తాడు కొరికేసింది, పంజరం నేలకి తగిలి విచ్చుకుంది, చిలక కిటికీలోంచి ఎగిరిపోయింది. రత్నాంగి గింజని పిడికిట్లో బిగించి రెండో మెట్ల దారిలో వాకిట్లోకి పరుగెత్తింది. వాడు వెనకాలే వచ్చాడు. మూడువందల రోకళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆడవాళ్ళు రోకళ్ళు భుజాన వేసుకుని చుట్టూ నిలబడ్డారు. మాంత్రికుడికి చప్పట్లు కొట్టడానికి చేతులు కూడా రాలేదు.

"ఇచ్చెయ్, తల్లీ. అందులో నా ప్రాణం ఉంది. నీకు మేడ ఇస్తాను, ఓడలిస్తాను, నిన్ను పెళ్ళి చేసుకుంటాను."

ఆ చివరి మాటకి వాకిలంతా నవ్వింది.

"నలిపెయ్యమ్మా," అంది సూరమ్మ.

"నలపను," అంది రత్నాంగి. "గింజకి ఒకటే పరీక్ష. విత్తుతాను. మొలిస్తే వీడు బతుకుతాడు."

వాకిట్లో మట్టి గుల్ల చేసింది. గింజ పెట్టింది. కప్పింది. దోసిలితో నీళ్ళు పోసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వంగి చూస్తున్నారు. అందరికంటే ఎక్కువగా వంగి చూసినవాడు కనకదంష్ట్రుడు. వాడి బంగారు పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఆ గింజ సంగతి లోకంలో అందరికంటే వాడికే బాగా తెలుసు. మొలవని విత్తనం చేసినవాడే వాడు. ప్రాణం దాచుకోవడానికి కూడా దాన్నే ఎంచుకున్నాడు, దాన్ని ఎవరైనా విత్తుతారని వాడికి తోచలేదు. చంపడానికి వచ్చేవాళ్ళనే ఊహించుకున్నాడు గాని నాటడానికి వచ్చే మనిషిని ఊహించుకోలేదు.

"మొలవమ్మా," అని బతిమాలాడు మట్టిని. జీవితంలో మొదటిసారి మట్టి ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు.

మట్టిలో గింజ కుళ్ళింది. కనకదంష్ట్రుడు పాదాల దగ్గర్నుంచి వడ్ల పొట్టు అయ్యాడు, మోకాళ్ళ దాకా పొట్టు అయ్యాడు, తల దాకా పొట్టు అయ్యాడు. సముద్రపు గాలి ఒక్కటి వీచింది. వాకిలి శుభ్రమైపోయింది. ముప్పై రెండు పళ్ళు మాత్రం మిగిలాయి. సూరమ్మ వాటిని చీపురుతో ఓ మూలకి ఊడ్చేసింది.

రోలు అన్నయ్య అయింది, రోకలి అన్నయ్య అయింది. ఇద్దరూ నడుములు పట్టుకుని లేచారు. చెల్లెలు కనిపించగానే పెద్దన్న అడిగిన మొదటి మాట, "తినడానికి ఏముంది?"

"సామలున్నాయి. దంచుకోండి అన్నయ్యా. ఎలా దంచాలో మీకు ఇప్పుడు తెలుసుగా."

పాతరల మూతలు తీశారు. బస్తాలకెత్తారు. తాబేలు సముద్రంలో తల ముంచి పిలిస్తే దాని బలగమంతా వచ్చింది, వేలకి వేల తాబేళ్ళు. కొన్నిటి మీద ఒక్కో మనిషి, మిగతా వాటి మీద బస్తాలు. ఏడు సముద్రాల మీద మూడువందల మంది ఆడవాళ్ళు పాడుకుంటూ వస్తుంటే చేపలు కూడా ఆగి విన్నాయి. ప్రతి సముద్రం దగ్గరా ఒకే వేళకి అందరూ తిన్నారు. తాబేళ్ళు కాపలా కాశాయి.

నలభయ్యో రోజు మధ్యాహ్నం పైరుకోన ఒడ్డు కనిపించింది. ఆకాశం నల్లగా ఉంది. మొదటి చినుకు రత్నాంగి ముక్కు మీద పడింది. ఒడ్డున జనం, కదల్లేని జనం, బస్తాల్ని చూసి లేచి నిలబడ్డారు. రాజు ఎదురొచ్చి అన్నీ కోట గాదెలో పోయించండి, తాళం నా దగ్గర ఉంటుంది అన్నాడు.

"కోటలో వద్దు నాన్నగారూ. ఒకచోట పోగుచేస్తే ఒకడే ఎత్తుకుపోగలడు, అది చూశాం. ప్రతి ఊళ్ళో ఒక పాతర ఉంటుంది, దాని మూత తీసే పని ఆ ఊరి ఆడవాళ్ళది. ప్రతి ఇంట్లో పొయ్యి పైన దూలానికి ఒక సొరబుర్ర ఉంటుంది. ఆకలన్న మనిషికి పాతర తెరవాలి, ఏ కులమని అడగకుండా. పంట పండినవాళ్ళు మళ్ళీ పాతరలో పొయ్యాలి."

"రాజు మాట కాదంటావా?" అన్నాడు బలభద్రుడు. వెనక మూడువందల రోకళ్ళు భుజాల మీద ఉన్నాయి. రాజు వాటిని చూశాడు. మాట సర్దుకున్నాడు.

ఎల్లవ్వ గుంపుని తోసుకుంటూ వచ్చి ముందు సొరబుర్ర అందుకుంది. ఊపి చూసింది. "కొర్ర ఏది?"

"ఆకలేస్తోందంటే పెట్టేశాను అవ్వా."

ఎల్లవ్వ మూతి ముడిచింది. తర్వాత రత్నాంగి గడ్డం పట్టుకుని మొహం ఇటూ అటూ తిప్పి చూసింది. "నువ్వు తిన్నావా?"

"తిన్నాను. తాబేలు ఒప్పుకోలేదు."

"అయితే సరే," అంది ఎల్లవ్వ. "అది చాలు. పదండి, వాన ఆగదు."

ఆ వానలోనే విత్తారు. ముందు సామ, తర్వాత అరిక, ఆ తర్వాత కొర్ర. పంట వచ్చేదాకా పాతర గింజలే ఉడికించుకుని తిన్నారు. నాలుగు నెలలకి పిల్లల కాళ్ళల్లో కండ వచ్చింది. వీధుల్లో గోల మొదలైంది. గోల వినపడితే ఎల్లవ్వ తిట్టడం మొదలుపెట్టేది, అలా ఊరు మళ్ళీ ఊరైంది.

రాజు ఆ ఏడాదే రాజ్యం కూతురికిచ్చి విశ్రాంతి తీసుకున్నాడు. ఇప్పుడు ఎవరడిగినా నాకు ముగ్గురు బిడ్డలని చెప్తున్నాడట. మరి రత్నాంగి పెళ్ళి? చుట్టుపక్కల రాజకుమారులు వరస కట్టారు. ఆమె అందర్నీ ఒకే మాట అడిగింది. పొద్దున మీ ఇంట్లో ఏం వండారు, ఎవరు వండారు, ఆ వండినవారు ఎప్పుడు తిన్నారు?

మొదటి రాజకుమారుడు ఏం వండారో చెప్పాడు, ఎవరు వండారో తెలియదన్నాడు. రెండోవాడు వండినవారి పేరు చెప్పాడు, ఎప్పుడు తిన్నారో తెలియదన్నాడు. మూడోవాడు రాజకుమారుడే కాదు. సముద్రపు ఒడ్డున ఉప్పు పండించే ఊరి మనిషి, పేరు సింగన్న, ఉప్పు బస్తా దించడానికి వచ్చి వరసలో చిక్కుకున్నాడు. "జొన్నరొట్టె. పిండి నేను కలిపాను, మా అమ్మ కాల్చింది, పక్కపక్కన కూచుని తిన్నాం. మాడిన రొట్టె నేను తీసుకున్నాను, ఎందుకంటే మాడబెట్టింది నేనే," అన్నాడు. రత్నాంగి నవ్వింది. అంతే, పెళ్ళి కుదిరింది.

పెళ్ళి భోజనాలకి కోట ముందు ఒకే బంతి వేశారు. రాజు, ఎల్లవ్వ, సూరమ్మ, సింగన్న, ఇద్దరన్నలు, మూడువందల మంది ఆడవాళ్ళు, వచ్చిన జనమంతా ఒకేసారి కూచున్నారు. అన్నలిద్దరూ వడ్డించి, తాము కూడా బంతిలో కూచునేదాకా ఎవరూ ముద్ద కలపలేదు. ఒడ్డున తాబేలుకి వేరే విస్తరి. ఉడతకి రేగుపళ్ళు, చీమలకి బెల్లం. ఏ పంజరమూ లేని ఒక చిలక వచ్చి కొర్రకంకి ఎత్తుకుపోయింది. రత్నాంగీ సింగన్నా నూరేళ్ళు రాజ్యం చేశారు, ఆ నూరేళ్ళలో పాతర అడుగు కనిపించిన ఊరు ఒక్కటి లేదు.

కథ పాతరలోకి పోయింది, మనం బువ్వ దగ్గరికి పోదాం. లేవండి. ముందు వంటింట్లోకి వెళ్ళి అమ్మని పిలవండి. ఆవిడ తర్వాత తింటానంటుంది, వినకండి. ఆవిడకి కూడా ఇక్కడే కంచం పెట్టండి. ఆవిడ కూచుని మొదటి ముద్ద మింగేదాకా ఈ ఇంట్లో ఎవరూ కాలు కదపకూడదు.